వ్యాసంలో ఎదుటి పక్షానికి చోటు ఎలా ఇవ్వాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

వ్యాసాలు దిద్దడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. స్కూలు పోటీలకు రాసినవి, సివిల్స్ మెయిన్స్‌కు తయారయ్యేవాళ్ళు రాసినవి, పై చదువులకు విదేశాలకు వెళ్ళబోతున్నవాళ్ళు రాసినవి అన్నీ నా బల్ల మీదికి వస్తాయి. ఎక్కువమందికి కాలు జారేది ఒకే చోట, "కానీ కొందరు ఇలా అంటారు" అనే పేరా దగ్గర. ఆ పేరా గురించి నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు ఇవి. ఉదాహరణకు ఎక్కువగా ఒకే విషయం తీసుకున్నాను: "ప్రాథమిక పాఠశాలలో బోధన తెలుగులోనే జరగాలి." మీకు ఆ మాట నచ్చకపోయినా పర్లేదు. నచ్చకపోతేనే ఇక్కడ చెప్పేది ఇంకా బాగా అర్థమవుతుంది.

ఎదుటివాళ్ళ వాదన నా వ్యాసంలో నేనెందుకు రాయాలి? వాళ్ళ చేతికి కత్తి అందించినట్టు కాదా?

కత్తి వాళ్ళ చేతిలో ముందే ఉంది. మీ వ్యాసం చదివేవాడి బుర్రలోనూ ఉంది. తెలుగు మాధ్యమం గొప్పదనం గురించి మీరు నాలుగు పేరాలు రాస్తే, అతను మొదటి పేరా దగ్గరే "మరి ఉద్యోగాల సంగతేంటి?" అనుకుంటాడు. దానికి జవాబు దొరికేదాకా మిగతాదంతా కళ్ళతో చదువుతాడు తప్ప బుర్రకు ఎక్కించుకోడు. మీరు ఆ ప్రశ్న ఎత్తకుండా దాటేస్తే, మీకు ఆ సంగతి తెలియదనుకుంటాడు, లేదా తెలిసీ దాచారనుకుంటాడు. ఏదైనా మీకే నష్టం.

ఇదంతా ఇంగ్లిష్ వ్యాసాల పద్ధతి కదా? తెలుగులో రాసేటప్పుడు కూడా అవసరమా?

ఈ మాట వింటే నాకు నవ్వొస్తుంది. మన శాస్త్ర గ్రంథాలు తెరిస్తే ముందు కనబడేదే ఎదుటి పక్షం. వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంసకులు ఒక అంశాన్ని చర్చించే పద్ధతిని అధికరణం అంటారు. దానికి ఐదు అంగాలు: విషయం, సంశయం, పూర్వపక్షం, ఉత్తరం, నిర్ణయం. అంటే మన సిద్ధాంతం చెప్పేముందు ఎదుటివాడి పక్షాన్ని పూర్తిగా నిలబెట్టాలన్నమాట. ముందు వచ్చేది కాబట్టి అది పూర్వపక్షం.

ఇప్పుడు ఆ మాటను మనం ఎలా వాడుతున్నామో చూడండి. "అతని వాదాన్ని పూర్వపక్షం చేశాడు" అంటే కొట్టిపారేశాడని అర్థం. ముందు చెప్పాల్సిన పక్షానికి పెట్టిన పేరు చివరికి కొట్టేయడానికి పేరైపోయింది. మన టీవీ చర్చలు చూసేవాళ్ళకు ఇదెలా జరిగిందో విడమరిచి చెప్పనక్కర్లేదు.

మన న్యాయశాస్త్రం, అంటే కోర్టుల చట్టం కాదు, పాతకాలపు తర్కశాస్త్రం, చర్చను మూడు రకాలు చేసింది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తన పక్షం ఏమిటో చెప్పకుండా ఎదుటివాడిని ఖండించడమే పనిగా పెట్టుకుంటే వితండ. "వితండవాదం చేయకు" అని ఇంట్లో పెద్దవాళ్ళు తిట్టే మాట అక్కడిదే. వ్యాసం మొదటి రకానికి చెందాలి. మార్కుల కోసం రాసినా సరే.

ఎదుటి పక్షంలో పది వాదనలు కనబడుతున్నాయి. అన్నీ రాయాలా?

వద్దు. ఒకటి, మహా అయితే రెండు. ఏది ఎంచుకోవాలన్నదే అసలు పని.

శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో జగత్తుకు ప్రకృతే మూలమనే సాంఖ్యుల వాదాన్ని చాలాదూరం ఖండించి, అణువాదుల వంటి తక్కినవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి, ప్రధాన మల్లుణ్ణి ఓడిస్తే మిగతా మల్లులు ఓడినట్టేనని ఒక లోకన్యాయం, అంటే నానుడి, చెబుతారు. గోదాలోకి దిగినవాడు పక్కన నిలబడ్డ కుర్రాళ్ళతో కుస్తీ పట్టి గెలిచానంటే ఎవరూ ఒప్పుకోరు. పెద్ద పహిల్వాన్ ఎవరో చూసి అతనితో పట్టాలి.

తెలుగు మాధ్యమం విషయంలో ఆ పెద్ద పహిల్వాన్ ఎవరు? నాకు వచ్చే వ్యాసాల్లో పదింట ఎనిమిది "ఇంగ్లిష్ మోజు"ను ఎదుటి పక్షంగా నిలబెడతాయి. నేనూ ఒకప్పుడు అలాగే రాసేవాణ్ణి. ఒక సాయంత్రం ఆటోలో వస్తూ డ్రైవరుతో ఈ విషయం మాట్లాడాను. అంతా విని అతను అడిగింది ఒక్కటే: "మీ పిల్లలు ఏ మీడియం సార్?" నాకు గొంతులో వెలక్కాయ పడింది. ఎందుకంటే మా ఇద్దరూ ఇంగ్లిష్ మీడియమే. ఆ ఒక్క ప్రశ్న ముందు నేను రాసిన మోజు పేరాలన్నీ తేలిపోయాయి.

ఈ విషయంలో ప్రధాన మల్లుడు అదే. డబ్బున్నవాళ్ళు ఎల్‌కేజీ నుంచే పిల్లల్ని ఇంగ్లిష్‌లో చదివించుకుంటూ, భాషను కాపాడే బరువు సర్కారు బడి పిల్లల మీద పెట్టడం ఏం న్యాయం? రచయిత కంచ ఐలయ్య లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతున్నది ఇదే. ఇది భాష గురించిన ప్రశ్న కాదు, సమానత్వం గురించిన ప్రశ్న. దీన్ని ఎదుర్కోకుండా మాధుర్యం, సంస్కృతి, అజంత భాష అంటూ ఎన్ని పేరాలు నింపినా చదివేవాడు కదలడు.

అంత బలమైన వాదన నాకెక్కడ దొరుకుతుంది?

మీ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో దొరకదు. అక్కడ అందరూ మీ పక్షమే, లేకపోతే మీరు ఆ గ్రూపులో ఉండరు. ఆ విషయం వల్ల జీవితంలో ఏదో ఒకటి మారే మనిషిని అడగండి. మద్యనిషేధం గురించి రాస్తుంటే కల్లుగీత కార్మికుడిని, ప్లాస్టిక్ నిషేధం గురించి అయితే కూరగాయల బండి నడిపే ఆమెను. "మీరెందుకు వద్దంటున్నారు?" అని అడిగి నోరు మూసుకుని వినండి. మధ్యలో జవాబు చెప్పబోతే దొరికేది మళ్ళీ మీ మాటే.

రెండోది, కోర్టు తీర్పులు, చట్టాలు. మాధ్యమం విషయమే చూడండి. 2009 విద్యాహక్కు చట్టం, వీలైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలంటుంది. ఇది తెలుగు మాధ్యమం కోరేవాళ్ళకు బలం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1 నుంచి 6వ తరగతి దాకా ఇంగ్లిష్ మాధ్యమం పెడుతూ 2019 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఇదీ బలమే. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ప్రాథమిక స్థాయిలో మాతృభాషే మాధ్యమంగా ఉండాలని ప్రభుత్వం బలవంతం చేయకూడదని, ఎంచుకునే స్వేచ్ఛ తల్లిదండ్రులదని తేల్చింది. ఈ తీర్పు మీ వ్యాసంలో లేకపోతే తెలిసిన పరీక్షకుడు నవ్వుకుంటాడు. ఉంటే, ఈ మనిషి రెండు వైపులా చదివాడని మొదటి మార్కు అక్కడే వేస్తాడు.

ఎదుటి వాదనను కాస్త బలహీనంగా రాస్తే జవాబు చెప్పడం సులువు కదా?

సులువే. సెంటర్లో దిష్టిబొమ్మ తగలబెట్టడం కూడా సులువే. బొమ్మ భగ్గున మండుతుంది, నినాదాలు మోగుతాయి, ఫోటో పేపర్లో పడుతుంది. ఆ నాయకుడికి మాత్రం చొక్కా కూడా కమలదు. బలహీనంగా రాసి కొట్టే వాదన అచ్చం అలాంటిదే.

ఒక పిల్లవాడు రాసిన పేరా చూడండి:

"తెలుగు మాధ్యమాన్ని వ్యతిరేకించేవారికి మాతృభాషపై మమకారం లేదు. పిల్లల చేత మమ్మీ డాడీ అనిపించుకోవడమే గొప్ప అని భ్రమపడుతున్నారు."

దీన్ని చదివి ఏ తల్లిదండ్రులైనా "అవును, మేం అనేది అదే" అంటారా? అనరు కాబట్టి ఇది వాళ్ళ వాదన కాదు. అదే పేరాను నేను ఇలా మార్పించాను:

"తెలుగు మాధ్యమం వద్దనే తల్లిదండ్రుల్లో చాలామంది తెలుగు మాధ్యమంలో చదివినవాళ్ళే. ఇంజినీరింగ్ మొదటి ఏడాది క్లాసులో కూర్చుని ఒక్క ముక్క అర్థంకాక బిక్కచచ్చిన రోజులు వాళ్ళకు గుర్తున్నాయి. ఆ కష్టం తమ పిల్లలకు రాకూడదనుకోవడం మోజు కాదు. పైగా ఉన్నవాళ్ళ పిల్లలు మొదటి నుంచీ ఇంగ్లిష్‌లో చదువుతుంటే, లేనివాళ్ళ పిల్లలకు మాత్రం తెలుగు చాలనడం పోటీకి ముందే ఓడించడమని వారు వాదిస్తారు."

రెండో పేరా చదివాక పిల్లవాడు అడిగిన ప్రశ్న: "సార్, ఇంత బాగా రాస్తే ఇక నేనేం చెప్పాలి?" వ్యాసం మొదలయ్యేది ఆ ప్రశ్న దగ్గరే. అంతకుముందు రాసిందంతా ఉపోద్ఘాతం.

సరే, బలంగా నిలబెట్టాను. ఇప్పుడు జవాబు ఎలా చెప్పాలి?

అన్నిటికన్నా తేలికైనది, వాళ్ళు చెప్పిన విషయమే తప్పని చూపించడం. అంకె తప్పు, తేదీ తప్పు, చట్టంలో అలా లేదు. అది నిజంగా తప్పయితే రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు వెళ్ళండి. కానీ బలమైన వాదనలు ఇలా కూలవు. వాటిలో చెప్పిన విషయం నిజమే అయివుంటుంది, అందుకే అవి బలమైనవి.

అప్పుడు పనికొచ్చేది విడదీయడం. ఎదుటివాడు రెండు వేర్వేరు సంగతులను ఒకే మాటలో కలిపేసి ఉంటాడు. ఆ ముడి విప్పాలి. దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ అంబేడ్కర్ 1936లో లాహోరు సభ కోసం రాసి, ఆ సభ రద్దు కావడంతో తానే అచ్చువేసిన కుల నిర్మూలన ప్రసంగం. కులం అంటే శ్రమ విభజనే కదా, నాగరిక సమాజానికి అది అవసరమే కదా అని కులాన్ని సమర్థించేవాళ్ళు అంటారు. అంబేడ్కర్ దాన్ని కాదనలేదు. నాగరిక సమాజానికి శ్రమ విభజన కావాలని ఒప్పుకున్నాడు. కానీ కులం శ్రమను మాత్రమే విభజించడం లేదు, శ్రామికులను కూడా విభజిస్తోంది అన్నాడు. అంతే. ఎదుటివాడి మాటలోంచే రెండో మాట బయటికి లాగాడు. ఇంకో సంగతి: ఆ ప్రసంగంపై గాంధీజీ తన పత్రికలో విమర్శ రాస్తే, 1937లో వచ్చిన రెండో ముద్రణలో అంబేడ్కర్ ఆ విమర్శను తన పుస్తకంలోనే వేసి, దాని కింద తన జవాబు ఇచ్చాడు. ఎదుటి పక్షాన్ని తన మాటల్లోకి మార్చి చెప్పడం కాదు, అసలు మాటలే పాఠకుడి ముందు పెట్టాడు. అంత ధైర్యం మనకు లేకపోయినా కనీసం అందులో సగం ఉండాలి.

మన మాధ్యమం వ్యాసంలో ముడి ఎక్కడుంది? "ఇంగ్లిష్ రావాలి", "ఇంగ్లిష్‌లోనే అన్నీ నేర్పాలి" అన్న రెండు మాటలూ కలిసిపోయాయి. ఆటో డ్రైవరు కోరేది మొదటిది. అది దొరికేది రెండోదాని వల్లేనని అతను నమ్ముతున్నాడు. ఇంగ్లిష్‌ను ఒక సబ్జెక్టుగా మంచి టీచరు దగ్గర బాగా నేర్చుకోవడం వేరు, కూడికలు తీసివేతలు కూడా అర్థంకాని భాషలో బట్టీ కొట్టడం వేరు. మీ జవాబు ఇక్కడి నుంచి మొదలవ్వాలి.

ఇంకో దారి, ఎదుటివాడు నిలబడ్డ నేల మీదే నిలబడి వాదించడం. వీరేశలింగం వితంతు వివాహాల కోసం 1879 నుంచి రాజమండ్రిలో ప్రసంగాలు చేసినప్పుడు ఎదురైన పెద్ద అభ్యంతరం శాస్త్రం ఒప్పుకోదన్నది. శాస్త్రాలు మనకెందుకని ఆయన అనలేదు. పరాశర స్మృతి తీసి, భర్త కనబడకుండా పోయినా, చనిపోయినా, సన్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా స్త్రీకి మరో భర్త విహితమన్న శ్లోకం చూపించాడు. బెంగాల్‌లో విద్యాసాగర్ అంతకుముందే ఎత్తిచూపిన శ్లోకమే అది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిగింది.

గిడుగు రామమూర్తి పద్ధతి ఇంకా చిలిపిది. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల పుస్తకాలు ముందేసుకుని, వాళ్ళ వ్యాకరణం ప్రకారమే వాళ్ళు చేసిన తప్పులను పోగేసి చూపించాడు. మీకే చేతకానిది బడిపిల్లల నెత్తిన ఎందుకు పెడతారని అడిగినట్టయింది. చదువుతుంటే భలే సరదాగా ఉంటుంది. కాకపోతే ఈ పద్ధతిని జాగ్రత్తగా వాడాలి. ఎదుటివాడు తన మాట తానే పాటించడం లేదని చూపించినంత మాత్రాన ఆ మాట తప్పయిపోదు. నా పిల్లలు ఇంగ్లిష్ మీడియంలో చదివినంత మాత్రాన తెలుగు మాధ్యమం వాదన కూలిపోదు, నా పరువు పోతుంది అంతే. గిడుగు వాదన ఎందుకు నిలిచిందంటే, మహాపండితులకే రానిది అందరికీ నేర్పడం సాధ్యం కాదన్నదే అక్కడ అసలు విషయం. వాళ్ళ తప్పులు దానికి నేరుగా సాక్ష్యం.

ఎదుటివాళ్ళ మాటలో కొంత నిజముందని ఒప్పుకుంటే నేను ఓడిపోయినట్టు కాదా?

ఎంతవరకు ఒప్పుకుంటున్నారో గీత గీసి చెబితే ఓడినట్టు కాదు.

1859లో డార్విన్ తన పరిణామ గ్రంథంలో ఒక అధ్యాయం మొత్తం తన సిద్ధాంతానికి ఎదురయ్యే ఇబ్బందులకే కేటాయించాడు. కన్ను లాంటి అవయవం సహజ ఎంపిక వల్ల ఏర్పడిందనడం పరమ అసంబద్ధంగా తోస్తుందని తానే ఒప్పుకున్నాడు. వెంటనే, వెలుతురును గుర్తుపట్టే మామూలు నాడి నుంచి పూర్తి కన్ను దాకా మెట్లు మెట్లుగా ఎలా రావచ్చో వివరించాడు. తర్వాత మైవర్ట్ అనే ఆయన అభ్యంతరాలు లేవనెత్తితే 1872 నాటి ఆరో ముద్రణలో వాటి కోసం ఇంకో అధ్యాయం చేర్చాడు.

దీనిలో ఒక ప్రమాదం కూడా ఉంది, చెప్పాలి. డార్విన్‌ను వ్యతిరేకించేవాళ్ళు ఈనాటికీ ఆ మొదటి వాక్యం ఒక్కటే కత్తిరించి "చూశారా, ఆయనే ఒప్పుకున్నాడు" అంటారు. కాబట్టి ఒప్పుకోలు, దానికి మీ జవాబు ఒకే పేరాలో ఉండేలా చూసుకోండి. వీలైతే ఒకే వాక్యంలో. "ఇంగ్లిష్ రాకపోతే ఉద్యోగాలు కష్టమన్నది నిజమే, కానీ ఆ ఇంగ్లిష్ ఒకటో తరగతి లెక్కల పుస్తకంలోంచి రానక్కర్లేదు."

కొన్నిసార్లు ఒప్పుకోలు మీ వాదననే మార్చేస్తుంది. సమానత్వం ప్రశ్నకు నిజాయితీగా జవాబు వెతికితే ఏమవుతుంది? ప్రైవేటు బడుల్లోనూ తెలుగే ఉండాలందామంటే 2014 తీర్పు అడ్డం. సర్కారు బడుల్లో మాత్రమే అంటే ఆటో డ్రైవరు అడిగిన ప్రశ్న అలాగే మిగులుతుంది. అప్పుడు "బోధన తెలుగులోనే జరగాలి" అన్న మొదటి వాక్యాన్ని "మొదటి ఐదేళ్ళు తెలుగులో, దానితోపాటు ఒకటో తరగతి నుంచే గట్టి ఇంగ్లిష్ సబ్జెక్టు" అని సవరించుకోవాల్సి వస్తుంది. అన్యాయం పూర్తిగా తీరలేదు, కొంత తగ్గింది. ఆ మిగిలిన కొంతను వ్యాసంలో దాచకండి.

ఈ పేరా ఎక్కడ పెట్టాలి?

చివరి పేరాకు ముందు పెట్టమని చాలామంది నేర్పుతారు. అది తప్పు కాదు గానీ, ప్రతి వ్యాసంలో అక్కడే వస్తే తద్దినం పెట్టినట్టు ఉంటుంది. పాఠకుడికి సందేహం ఎక్కడ పుడుతుందో అక్కడ పెట్టండి. అందరూ మీకు వ్యతిరేకమైన విషయమైతే మొదటి పేరాలోనే ఎదుటి పక్షం రావాలి, లేకపోతే ముందుకు చదవరు. చిన్న చిన్న అభ్యంతరాలైతే ఆయా పేరాల్లోనే ఒక్కో వాక్యంలో తీర్చేయండి.

ఎంత నిడివి ఉండాలి?

వ్యాసంలో నాలుగో వంతు దాటకుండా చూసుకోండి. జవాబు మాత్రం అభ్యంతరం కన్నా పొట్టిగా ఉండకూడదు. అభ్యంతరం ఆరు వాక్యాలు, జవాబు ఒక వాక్యం అయితే మీకు చెప్పడానికి ఏమీ లేదని తెలిసిపోతుంది.

ఎదుటి వాదన చెప్పేటప్పుడు ఎలాంటి మాటలు వాడాలి?

తెలుగులో ఈ విషయంలో ఒక గమ్మత్తుంది. మన భాషలో ఒక చిన్న ప్రత్యయంతోనే వెక్కిరించేయొచ్చు. "ఇంగ్లిష్ మీడియం వల్ల ఉద్యోగాలు వస్తాయట" అని రాయండి. ఆ "అట" ఒక్కటి చాలు, వాదన ఎగిరిపోయింది. చదివేవాడికి మీ మూతి విరుపు కనబడుతుంది. మాట్లాడేటప్పుడు అది సరదా, వ్యాసంలో మాత్రం దొంగదెబ్బ.

క్రియల విషయంలోనూ ఇంతే. "అంటారు", "వాదిస్తారు", "భావిస్తారు" మామూలు మాటలు. "భ్రమపడతారు", "గగ్గోలు పెడతారు", "వాపోతారు" అన్నవి మీ తీర్పును ముందే చెప్పేస్తాయి. "కుహనా మేధావులు", "సోకాల్డ్ అభ్యుదయవాదులు" లాంటివి ఎంత చక్కగా దొర్లినా కొట్టేయండి. మేధావులు అనే మాటకు కొటేషన్ మార్కులు తగిలించడం కూడా అదే కోవ.

"కొందరు" అనే మాట మీద కూడా నాకు కోపం ఉంది. ఎవరా కొందరు? "సర్కారు బడిలో పిల్లల్ని చదివించే తల్లిదండ్రులు" అనండి, "ప్రైవేటు బడుల యజమానులు" అనండి. వీళ్ళిద్దరూ ఇంగ్లిష్ మాధ్యమమే కావాలన్నా ఇద్దరి కారణాలూ ఒకటి కావు, ఒకే జవాబూ సరిపోదు.

జవాబులోకి తిరగడానికి "నిజమే, అయితే", "ఇంతవరకు ఒప్పుకోవచ్చు, కానీ", "ఇక్కడ రెండు సంగతులు కలిసిపోయాయి" లాంటివి చాలు. "ఏది ఏమైనప్పటికీ" అని మాత్రం రాయకండి. ఇప్పటిదాకా చెప్పింది పట్టించుకోవడం లేదని ఒప్పుకునే మాట అది.

రెండు వైపులా రాసి "రెండూ ముఖ్యమే, సమతుల్యత పాటించాలి" అని ముగిస్తే సేఫ్ కదా?

గోడ మీద పిల్లి సేఫే. కానీ పిల్లి ఎటు దూకుతుందో చెప్పనిదాన్ని వాద వ్యాసం అనరు. నిజంగానే మధ్య దారి మీ అభిప్రాయమైతే ఆ దారి ఏమిటో చెప్పండి: ఎన్ని ఏళ్ళు, ఏ సబ్జెక్టులు, ఎవరి డబ్బు.

పోటీ పరీక్షల్లో దీనికి టైం ఎక్కడుంటుంది?

పరీక్షను బట్టి. సివిల్స్ వ్యాస పత్రంలో 250 మార్కులకు రెండు వ్యాసాలు, ఒక్కొక్కటి 1000 నుంచి 1200 పదాలు, మూడు గంటలు. అది తెలుగులోనూ రాయొచ్చు. అంత చోటున్నప్పుడు ఎదుటి పక్షానికి రెండు పూర్తి పేరాలు ఇవ్వకపోవడం పొరపాటు. విదేశాలకు వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో వ్యాసం రాసే రెండో టాస్కుకు 40 నిమిషాలు, కనీసం 250 పదాలు. అక్కడ ప్రశ్న సరిగా చదవడమే సగం పని. "రెండు అభిప్రాయాలనూ చర్చించి మీది చెప్పండి" అంటే రెండు పక్షాలూ తప్పనిసరి, ఒకటి వదిలేస్తే మార్కులు పోతాయి. "ఎంతవరకు ఒప్పుకుంటారు" అంటే మీ పక్షమే ముఖ్యం, ఎదుటి పక్షానికి రెండు మూడు వాక్యాలు చాలు. విదేశాల్లో పీజీ చదువులకు రాసే జీఆర్‌ఈలో 2023 సెప్టెంబరు నుంచి, ఇచ్చిన అభిప్రాయం మీద మీ వాదన చెప్పే ఇష్యూ వ్యాసం ఒక్కటే మిగిలింది, 30 నిమిషాలు. అందులో మీ వాదన ఎప్పుడు చెల్లదో చెప్పగలిగితే అదే ఎదుటి పక్షం అవుతుంది, వేరే పేరా లేకపోయినా.

టెన్షన్ పడకుండా ఉండటానికి ఒక చిట్కా. పాయింట్లు రాసుకునేటప్పుడే కాగితం మధ్యలో గీత గీసి, కుడివైపు ఒకే ఒక్క అభ్యంతరం రాయండి, మీకు అన్నిటికన్నా భయం వేసేది. వ్యాసం రాస్తున్నంతసేపూ అది కళ్ళ ముందు ఉంటుంది.

కొన్ని విషయాలకు రెండో పక్షం ఉండదు కదా? బాల్య వివాహాల గురించి కూడా ఎదుటి వాదన రాయాలా?

బాల్య వివాహం మంచిదా కాదా అన్న చర్చ పెట్టనక్కర్లేదు. అంటరానితనానికీ అంతే. తేలిపోయినదాన్ని మళ్ళీ బోనులో నిలబెట్టడం న్యాయంగా ఉండటం కాదు. కానీ అవి ఇంకా ఎందుకు జరుగుతున్నాయి? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 20 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న స్త్రీలలో 23.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయింది. 2006 బాల్య వివాహ నిషేధ చట్టం గురించి తెలియక కాదు. ఊళ్ళో పదో తరగతి తర్వాత చదువు లేదు, కాలేజీకి బస్సు లేదు, పిల్ల వయసు పెరిగేకొద్దీ కట్నం పెరుగుతుంది, ఏదైనా జరిగితే పరువు పోతుందని భయం. ఇవి సమర్థనలు కావు, కారణాలు. వీటిని ఒక తల్లి నోటి మాటగా రాసి, ఒక్కోదానికి ఏం చేయాలో చెబితే మీ వ్యాసం "బాల్య వివాహాలు సాంఘిక దురాచారం" అని మొదలయ్యే వంద వ్యాసాల్లోంచి బయటికి వస్తుంది.

స్కూలు పిల్లల వ్యాసాలకు కూడా ఇదంతా కావాలా?

ఇదంతా అక్కర్లేదు. "నీతో ఒప్పుకోని ఫ్రెండ్ ఏమంటాడు? నువ్వేం చెబుతావు?" అని రెండు ప్రశ్నలు అడిగితే ఏడో తరగతి పిల్లలు కూడా మన కన్నా బాగా రాస్తారు. వాళ్ళకు రోజూ ఆ ఫ్రెండ్‌తోనే గొడవ.

ఎదుటి వాదన బలంగా రాయబోతే నా అభిప్రాయమే మారిపోయింది. ఇప్పుడేం చేయాలి?

ముందుగా, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. గ్రాంథికంలో అన్ని పుస్తకాలు రాసిన వీరేశలింగం చివరికి 1919లో వాడుక భాష కోసం పెట్టిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షుడయ్యాడు. గిడుగు దానికి కార్యదర్శి. ఆ ఏడాది మే నెలలోనే వీరేశలింగం పోయారు. డెబ్బై ఏళ్ళ వయసులో మార్చుకోగలిగారాయన.

వ్యాసం ఇవ్వాల్సింది రేపు పొద్దున్నే అయితే, మొత్తం చింపకండి. మీరు పోగేసిన పాయింట్లు అన్నీ పనికొస్తాయి, కుర్చీలు మారతాయంతే. మొదటి వాక్యం తిప్పి రాయండి, జవాబు పేరాను మీ వాదనగా పైకి తెచ్చుకోండి. నిన్నటిదాకా మీరు నమ్మిందంతా ఇప్పుడు పూర్వపక్షం. దాన్ని బలహీనంగా రాద్దామన్నా మీకు చేతకాదు.